పేరు చెక్కని గిటారు: దాని కర్తను గుర్తించు విధము

వాద్యకారుడొకడు మరణించెననుకొందము. అతని భార్య ఇంటనున్న గిటారును అమ్మదలచినది. దానిపైనుండిన పేరురేకు ఎన్నడో ఊడిపోయినది. కొనవచ్చినవాడు, "ఇది యెవడో ఊరుపేరు లేనివాడు చేసినది" అని స్వల్పమైన వెల కట్టును. అది నిజముగ నొక ప్రసిద్ధ శిల్పి చేతిపనియైనచో ఆ వితంతువునకు ఎంత నష్టము! మరియొకచోట, సామాన్యమైన వాద్యముపై గొప్పపేరు అతికించి యమ్మినచో కొనువాడు మోసపోవును. కావున పాత వాద్యమును చేసినవాడెవడో గుర్తించుట కేవలము వినోదము గాదు. అది న్యాయమునకు సంబంధించిన విషయము. అమెరికా దేశమున చేతులు మారుచుండు పెడల్ స్టీల్ గిటారును దృష్టాంతముగ గైకొని ఈ గుర్తింపు ఎట్లు జరుగునో వివరించెదను.

మొదట ఆ వాద్యమెట్టిదో తెలిసికొనవలెను. విద్యార్థులారా, మీలో కొందఱు గోటువాద్యమును చూచియుందురు. దానికి వీణవలె మెట్లుండవు. తంత్రులపై నున్నని కొయ్యముక్కను జరుపుచు వాయింతురు. స్టీల్ గిటారును నట్టిదే. కొయ్యకు మారుగా ఉక్కుకడ్డీని వాడుదురు. హవాయి దీవులలో జోసెఫ్ కెకుకు అను బాలుడు 1880-90 సంవత్సరముల నడుమ ఈ పద్ధతిని కనిపెట్టెనని ప్రతీతి. పెడల్ స్టీల్ గిటారు అటుపిమ్మట కలిగిన మార్పు. అది కాళ్ళుగల చిన్న బల్లవలె నుండును. సాధారణముగ ఒక వరుసకు 10 తంత్రులుండును. కొన్నిటికి రెండు వరుసలు గలవు. క్రింద కాలితో తొక్కు పెడళ్ళును, మోకాలితో త్రోయు మీటలును ఉండును. పెడలు తొక్కినప్పుడు అడుగుననున్న కమ్మి కదలి, తంత్రిని బిగించియో వదులుచేసియో స్వరమును మార్చును.

ఇట్టి వాద్యములను చేసినవారు పెక్కుమంది యగుటకు కారణము కలదు. 1954వ సంవత్సరమున వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ" అను పాట మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అందు బడ్ ఐజాక్స్ అను వాద్యకారుడు తంత్రి మ్రోగుచుండగనే పెడలు తొక్కి స్వరమును మార్చెను. విన్న వాద్యకారులందఱును అట్టి గిటారే కావలెననిరి. చిన్న చిన్న పనిశాలలు వెలసినవి. కొనువాని కోరికనుబట్టి పనివాడు చేతితో మార్పులు చేయుచుండెను. అందుచేత ఒకే పనిశాలనుండి వచ్చిన రెండు గిటారులైనను అన్నివిధముల నొకటిగ నుండవు. ఆ పనిశాలలలో పెక్కు నేడు మూతపడినవి. అడుగుటకు పనివారును లేరు. ఇక వాద్యమే సాక్ష్యమీయవలెను.

ఆ సాక్ష్యమును పైనుండి లోపలికి పరీక్షింపవలెను. మొదట ముఖభాగమును చూడుడు. పేరురేకు లేకున్నను అది యుండిన చోట మరల రంధ్రములో, రంగు వెలియని జాడయో కనబడవచ్చును. తంత్రుల క్రింది పలకపై గీతలుండును. ఇవి మెట్లు గావు, స్వరస్థానములను చూపు గుర్తులు మాత్రమే. షో-బడ్ గిటారుల పలకలపై పేకముక్కలలోని ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను గుర్తులను తరచుగ చూడనగును. కాని పలకను ఊడదీసి మరియొకటి అమర్చుట సులభము. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత నిచట మరువరాదు.

పిమ్మట వాద్యమును మెత్తని బట్టపై బోర్లించి అడుగుభాగమును చూడవలెను. అసలు సంగతి యచట నున్నది. 1957 ప్రాంతమున వెలువడిన ఫెండర్ 1000 అను గిటారులో పెడళ్ళ లాగుడును తంత్రులకు చేర్చునవి లోహపు త్రాళ్ళు. ఇతరులు పెక్కుమంది ఊచల నమర్చిరి. తంత్రులు చివరను ఆనియుండు కదలెడి లోహపు వ్రేళ్ళ సముదాయమునకు చేంజరని పేరు. ఒక తరహా చేంజరులో స్వరమును హెచ్చించుటకు ఊచ లాగును, తగ్గించుటకు నెట్టును. మరియొక తరహాలో హెచ్చించుటకును తగ్గించుటకును లాగుటయే. మొదటి తరహా ఎమ్మన్స్ కంపెనీ తొలి గిటారులకు ప్రసిద్ధ లక్షణము.

ఇందొక విశేషము గలదు. షాట్ జాక్సన్, బడ్డీ ఎమ్మన్స్ అను నిరువురు నాష్‌విల్ ప్రాంతమున షో-బడ్ పనిశాలను స్థాపించి తమ పేర్లను కలిపి దానికి పెట్టిరి. ఆ ఎమ్మన్సే 1963లో రాన్ లాష్లీతో గూడి వేఱొక కంపెనీని ప్రారంభించెను. దాని పనిశాల ఉత్తర కరోలినాలోని బర్లింగ్టనులో నుండెను. ఒకే మనుష్యుని పేరు రెండింటితోను ముడిపడియున్నది. అట్టిచో వినికిడి మాటలను నమ్మినవాడు తికమకపడును. చేంజరును చూచినవాడు తికమకపడడు.

కాలనిర్ణయమునకు మరియొక సాధనము గలదు. కొన్ని గిటారులలో ధ్వనిని హెచ్చించి తగ్గించు చిన్న విద్యుత్ పరికరముండును. దాని వీపుపై సంఖ్య ముద్రింపబడియుండును. 1376633 అని యున్నదనుకొనుడు. 137 అనునది సి.టి.యస్. కంపెనీ గుర్తు, 66 అనగా 1966, 33 అనగా ఆ సంవత్సరపు 33వ వారము. ఆ కంపెనీ చేసినది పరికరమునే గాని గిటారును గాదు. పరికరము మొదటినుండి యున్నదే యైనచో గిటారు 1966 ఆగస్టునకు ముందు పూర్తికాలేదని మాత్రము చెప్పగలము. మరమ్మతులో దానిని మార్చియున్నచో ఈ వాదము నిలువదు. కావున తీగల అతుకులు పాతవో క్రొత్తవో చూడవలెను. అట్లే తంత్రులు బిగించు బిరడలనుబట్టి కర్తను నిర్ణయింపరాదు. ఏలయనగా పెక్కు పనిశాలలవారు వానిని ఒకే అంగడిసరకుగ కొని వాడిరి.

ఈ పరీక్ష ముగియువరకు వాద్యమునకు క్రొత్తరంగు వేయరాదు, తుప్పుపట్టిన మరలను పారవేయరాదు. శుభ్రపఱచుటలో సాక్ష్యము నశించును. ప్రతిభాగమును ఛాయాచిత్రము తీసి, కొలతలు వ్రాసికొని, కర్త తెలిసిన వాద్యములతో పోల్చవలెను. ఒక్క గుర్తు చాలదు. మూడు నాలుగు వేర్వేఱు గుర్తులు ఒకే కర్తను చూపినప్పుడే పేరు పలుకవలెను.

అన్నియు చూచినను నిశ్చయము కానిచో నేమి చేయవలెను? "కర్త తెలియదు" అని వ్రాసి యమ్మవలెను. ఆ రెండు మాటల వలన వెల కొంత తగ్గవచ్చును. కాని చేయనివానికి కీర్తియు, చేసినవానికి మఱపును అంటగట్టిన దోషము మనకు రాదు. ఆ వితంతువు చేతిలో న్యాయమైన వెల పడుటయు, పేరెఱుగని పనివానికి వాని పేరు తిరిగి దక్కుటయు ఈ ఓపికగల పరీక్షవలననే సాధ్యము.