మూత్రపరీక్షలో మందుల జాడ ఎన్నాళ్ళు?

1988 సెప్టెంబరు 24వ తేదీన సియోల్ ఒలింపిక్ క్రీడలలో కెనడా దేశీయుడు బెన్ జాన్సన్ వంద మీటర్ల పరుగును 9.79 సెకన్లలో ముగించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. మూడు రోజులకే ఆ స్వర్ణపతకం ఆయన చేజారిపోయింది. ఆయన మూత్రంలో స్టానోజొలాల్ అనే నిషిద్ధ ఔషధపు జాడలు కనిపించడమే అందుకు కారణం. మందు పుచ్చుకున్న సంగతిని మనిషి దాచవచ్చును గాని, కొంతకాలంపాటు శరీరం దాచలేదు. ఆ కాలం ఎంత అన్నది మందునుబట్టి, మనిషినిబట్టి మారుతుంది.

శరీరంలో ప్రవేశించిన మందు రక్తంలో కలుస్తుంది. కాలేయం దానిని నీటిలో సులభంగా కరిగే ఇతర పదార్థాలుగా మారుస్తుంది. మూత్రపిండాలు వాటిని వడగట్టి వెలుపలికి పంపుతాయి. అందువలన ప్రయోగశాలలో వెదికేది చాలాసార్లు అసలు మందును కాదు, దాని నుండి పుట్టిన ఈ పదార్థాలనే. కొకైన్ కొద్ది గంటలలో రూపు మారినా, దాని ఉత్పన్నం సాధారణంగా రెండు నుండి నాలుగు రోజుల వరకు పట్టుబడుతుంది. మార్ఫిన్, కొడీన్ జాడలు సుమారు రెండు మూడు రోజులు, ఆంఫిటమిన్ జాడలు ఒకటి నుండి మూడు రోజులు నిలుస్తాయి. మూర్ఛరోగానికి వాడే ఫినోబార్బిటల్ రెండు మూడు వారాల తరువాత కూడ కనిపించవచ్చును.

గంజాయి సంగతి వేరు. అందలి మత్తుపదార్థం కొవ్వులో కరుగుతుంది. ఒక్కసారి వాడినవారిలో దాని జాడ సుమారు మూడు రోజులలో మాయం కావచ్చును. ప్రతిదినమూ వాడేవారిలో అది కొవ్వులో పేరుకొని, అలవాటు మానిన తరువాత కూడ నెల రోజులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కొద్దికొద్దిగా మూత్రంలోకి దిగుతూ ఉంటుంది. హోలీనాడు ఉత్తరాదిన త్రాగే భంగు కూడ ఈ మొక్క ఆకులతో తయారయ్యేదే. పరీక్ష ఆ భేదాన్ని ఎరుగదు.

మోతాదు, వాడిన కాలం, మూత్రపిండాల ఆరోగ్యం, మూత్రపు ఆమ్లగుణం ఈ గడువులను మారుస్తాయి. పరీక్షకు నిర్ణయించిన హద్దు కూడ ముఖ్యమే. గంజాయికి తొలి పరీక్షలో సాధారణంగా పాటించే హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో నూరుకోట్లవ వంతు. అంతకు తక్కువ ఉన్నచోట ఫలితం 'లేదు' అనే వస్తుంది.

హద్దు మరీ తక్కువైతే నిర్దోషికి చిక్కు. మన వంటలలో వాడే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటికి అంటుకొన్న స్వల్పమైన మార్ఫిన్ తిన్నవారి మూత్రంలో కనబడవచ్చును. ఇటువంటి పొరపాట్లను నివారించడానికే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షలలో ఈ హద్దును 300 నానోగ్రాముల నుండి 2000కు పెంచింది.

తొలి పరీక్ష అనుమానాన్ని మాత్రమే సూచిస్తుంది. దానిని గాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి సూక్ష్మపద్ధతులతో ధ్రువపరచుకోవాలి. క్రీడలలో నమూనాను రెండు సీసాలలో భద్రపరచి, క్రీడాకారుడు కోరితే రెండవదానిని కూడ పరీక్షించేది ఇందుకే. ఆ పిమ్మట సైతం, ఒక పదార్థం దేహంలో ప్రవేశించినదని మాత్రమే మూత్రం చెబుతుంది. ఏ గంటలో ప్రవేశించినదో, పరీక్షవేళ మనిషి మత్తులో ఉన్నాడో లేదో చెప్పదు. ఒక యువకుని ఉద్యోగమో, ఒక క్రీడాకారిణి ఏళ్ళ సాధనో ఈ ఫలితంపై ఆధారపడినప్పుడు, వైద్యుని చీటీని, వారి సమాధానాన్ని కూడ పరిశీలించిన తరువాతనే తీర్పు చెప్పడం న్యాయం.