కథకుడి కంటే ముందు నడిచే పాఠకులు

కథ పూర్తి కాకుండానే ముగింపు ఊహించే అభిమానులను పనిలేనివాళ్లని చాలామంది కొట్టిపారేస్తారు. నేనొప్పుకోను. ఊహకు ఆధారముంటే అదీ చదువే.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలామాలిక 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' చూడండి. మొదటి సంపుటం 1996లో వచ్చింది. అందులో జాన్ స్నో అనే కుర్రవాణ్ణి నెడ్ స్టార్క్ ప్రభువు అక్రమ సంతానమనే లోకమంతా నమ్ముతుంది. కానీ నెడ్ చనిపోతున్న తన చెల్లెలికి ఏదో మాటిచ్చాడు. ఆ జ్ఞాపకం వెంట గులాబీలు వస్తాయి. ఒకప్పుడు యువరాజు రేగార్ ఆమెకు ఇచ్చిందీ నీలి గులాబీల కిరీటమే! పాఠకులు ఈ తీగ లాగారు, డొంకంతా కదిలింది: జాన్ ఆ ఇద్దరి బిడ్డ. అంటే సింహాసనం ఎవరిదన్న ప్రశ్నే మారిపోతుంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టెలివిజన్ ధారావాహిక 2016, 2017లలో ఆ ఊహే నిజమని చూపించింది.

కొందరు అసలు గుట్టు పసిగట్టారని 2014లో మార్టినే చెప్పాడు. అయినా కథ మార్చనన్నాడు. సబబే కదా! ముందు నాటిన ఆనవాళ్లను కాదని మలుపు తిప్పితే, శ్రద్ధగా చదివినవాడే మోసపోతాడు. ఇక గుట్టు తెలిస్తే రుచి పోతుందంటారా? కర్ణుడి పుట్టుక మనకు ముందే తెలుసు. అంతమాత్రాన కర్ణపర్వం చదవడం మానేశామా?