జపాను, కొరియా, చైనా చదువులు: మన బిడ్డలకు ఏ దారి?



ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మన కృష్ణా డెల్టా ఇళ్ళలో రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి ధాన్యం, మినుముల లెక్క. రెండవది ఇంటర్ ముగించిన బిడ్డల లెక్క. ఈ రెండో లెక్కకు చాలా కాలంగా మనకు తెలిసిన జవాబులు కొన్నే: ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, కాదంటే ఊరికి దగ్గర్లో డిగ్రీ. ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి వస్తున్నది. "అయ్యగారూ, మా అమ్మాయి కొరియన్ భాష చదువుతానంటోంది. ఆ చదువు కూడు పెడుతుందా?" అని గుడివాడ వైపు నుంచి ఒకరు, అవనిగడ్డ వైపు నుంచి మరొకరు అడుగుతున్నారు. కొందరు పిల్లలు కొరియా నాటకాలు ఫోనులో చూసి ఆశపడుతున్నారు. కొందరు విజయవాడలో "జపానులో ఉద్యోగం" అన్న బోర్డు చూసి ఆగిపోతున్నారు. ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయకూడదు. అలాగని పొలం కాగితాలు తీసుకొని బయలుదేరనూ కూడదు.

పాత బంధమే

తూర్పు దేశాలతో మన నేలకు ఉన్న బంధం నిన్నటిది కాదు. క్రీ.శ. 7వ శతాబ్దంలో హుయాన్ త్సాంగ్ అనే చైనా యాత్రికుడు కృష్ణ ఒడ్డునున్న ధాన్యకటకానికి వచ్చాడు. అదే నేటి ధరణికోట, అమరావతి ప్రాంతం. అక్కడ కొండల మీద ఉన్న పూర్వశైల, అపరశైల విహారాలను గురించి వ్రాశాడు. అవి మన బెజవాడ కొండలేనని కొందరు చరిత్రకారులు తలచారు. ఆయన చూసి పోయేవాడుగా రాలేదు. కొన్ని నెలలు ఇక్కడ ఉండి, పండితుల దగ్గర కూర్చొని చదువుకున్నాడు. అంతకు ముందే నలందాలో ఏళ్ళ తరబడి సంస్కృతం నేర్చాడు. 645లో స్వదేశానికి చేరి, మిగిలిన జీవితమంతా తాను తెచ్చిన గ్రంథాలను చైనా భాషలోకి మార్చడంలో గడిపాడు.

మరొకరిని చూడండి. హెప్బర్న్ అనే అమెరికా వైద్య మిషనరీ 1859లో జపానులో అడుగుపెట్టాడు. వైద్యం చేస్తూనే ఆ భాష నేర్చుకొని, 1867లో జపనీస్ ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేయించాడు. జపాను మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసే పద్ధతి నేటికీ ఆయన పేరు మీదనే ఉన్నది. ఈ ఇద్దరిలో గమనించవలసిన సంగతులు రెండు. భాషకు ఏళ్ళు పట్టింది. భాషతో పాటు చేతిలో మరొక పని ఉన్నది: ఒకరికి శాస్త్రం, ఒకరికి వైద్యం. మన బిడ్డల కోర్సు ఎంపికకు కూడా ఈ రెండే కొలబద్దలు.

మూడు దారులు, మూడు రకాల బిడ్డలు

"జపాన్ చదువు", "కొరియా చదువు" అని ఒకే మాటగా అంటున్నాము గాని, విశ్వవిద్యాలయాలలో ఇవి మూడు వేరు వేరు దారులు.

మొదటిది, భాషా డిగ్రీ. బి.ఏ.లోనే జపనీస్, చైనీస్ లేక కొరియన్ ప్రధాన విషయంగా ఉంటుంది. రోజూ భాషే: వ్రాత, ఉచ్చారణ, వ్యాకరణం, సాహిత్యం, అనువాదం. మనకు దగ్గరలో హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉన్నది. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ జపనీస్‌లో బి.ఏ. ఉన్నది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో జపనీస్, చైనీస్, కొరియన్ మూడింటిలోనూ బి.ఏ. ఆనర్స్ ఉన్నది. 2022 నుంచి అక్కడ బి.ఏ. ప్రవేశం సి.యు.ఇ.టి. పరీక్ష ద్వారా జరుగుతున్నది. బెంగాలులోని శాంతినికేతనంలో టాగూరు కాలంలో, 1937లో స్థాపించిన చీనా భవనం చైనా భాషకు పాత నిలయం. ఇవి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు గనుక ఫీజులు మన ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల ఫీజుల ముందు చాలా తక్కువ. ఈ సంగతి తెలియకనే అనేక పేద కుటుంబాలు "అది మనకు అందని చదువు" అనుకుంటున్నాయి.

రెండవది, ప్రాంత అధ్యయనం. ఇందులో భాష ఒక భాగమే. ఆ దేశాల చరిత్ర, రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ ప్రధానం. 1868 తర్వాత జపాను ఎలా మారింది, 1945లో కొరియా ఎందుకు రెండైంది, 1978 తర్వాత చైనా వ్యాపారానికి తలుపులు ఎలా తెరిచింది, ఇలాంటివి చదువుతారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా అధ్యయనాల శాఖ దీనిలో ఎం.ఏ. నడుపుతున్నది. కనుక ఇది డిగ్రీ తర్వాతి దారి. వార్తాపత్రికలు, పరిశోధన, అధ్యాపక వృత్తి, సివిల్ సర్వీసుల మీద మనసున్నవారికి తగినది. విదేశాంగ సేవకు ఎంపికైన ప్రతి అధికారీ ఒక విదేశీ భాష నేర్వవలసి ఉంటుంది. వాటిలో ఈ మూడు భాషలూ ఉన్నాయి.

మూడవది, వేరే డిగ్రీ చదువుతూ ప్రక్కన భాష నేర్వడం. బి.కాం., బి.టెక్., నర్సింగ్ ఏది చదువుతున్నా దానితో పాటు సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం జపనీస్‌కు, కొరియన్‌కు అలాంటి కోర్సులు రూపొందించింది. దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉన్నది. ఈ ఏడాది ఏవి తెరిచారో అక్కడికి వెళ్ళి కనుక్కోవచ్చు. ఇల్లు వదలి పంపలేని కుటుంబానికీ, ఆసక్తి నిజమో కాదో తేలని బిడ్డకూ ఇదే మంచి మొదటి మెట్టు.

ఏ భాష తేలిక?

తెలుగు బిడ్డకు ఒక మేలు ఉన్నది. దాన్ని ఎవరూ చెప్పడం లేదు. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది. జపనీస్‌లో, కొరియన్‌లో మన తెలుగులాగే చివర వస్తుంది. "నేను అన్నం తింటాను" అనడానికి జపనీస్‌లో "వాతాషి వా గోహాన్ ఓ తాబేమాసు" అంటారు. నేను, అన్నం, తింటాను: వరస మారలేదు. మనం "కు", "ని", "తో" అని మాట వెనుక చేర్చినట్టే వారూ చేరుస్తారు. మన "గారు" లాగ జపానువారు పేరు వెనుక "సాన్" అంటారు. పెద్దలతో ఒక తీరుగా, తోటివారితో ఒక తీరుగా మాట్లాడడం కొరియనులకు ఎంత ముఖ్యమో, "మీరు", "నువ్వు" తేడా తెలిసిన మన బిడ్డకు ఒక్క రోజులో అర్థమౌతుంది.

వ్రాత మాత్రం వేరు కథ. కొరియన్ లిపిలో మూలాక్షరాలు 24. సేజోంగ్ రాజు 1446లో సామాన్య ప్రజల కోసం ప్రకటించిన లిపి అది. శ్రద్ధగల బిడ్డ కొద్ది రోజులలో చదవగలదు. జపనీస్‌కు 46 చొప్పున రెండు అక్షరమాలలు, వాటిపైన చైనా నుంచి వచ్చిన బొమ్మాక్షరాలు ఉన్నాయి. నిత్య వాడుకకు జపాను ప్రభుత్వం నిర్ణయించినవే 2,136. చైనీస్‌లో సాధారణ చదువుకు 3,500 దాకా అక్షరాలు కావాలి. పైగా "మా" అన్న ఒకే మాటను నాలుగు స్వరాలలో పలికితే తల్లి, జనుము, గుర్రం, తిట్టు అని నాలుగు అర్థాలు వస్తాయి. తేలికగా ఉన్నదని భాషను ఎన్నుకోవద్దు, కష్టమని విడిచిపెట్టవద్దు. రోజుకు రెండు గంటలు విసుగు లేకుండా వ్రాయగల ఓర్పు ఉన్నదా అని చూడండి.

కూడు పెడుతుందా?

పెడుతుంది, అయితే సర్టిఫికెట్ చూసి కాదు, స్థాయి చూసి. జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిలు. ఎన్5 అన్నిటికంటె క్రిందిది. కొరియన్ పరీక్ష టోపిక్‌లో ఆరు స్థాయిలు. అక్కడ 1 క్రిందిది, 6 పైది. మొదటి మెట్టు ఎక్కినవాడు పలకరించగలడు గాని కర్మాగారంలో ఇద్దరి మధ్య మాట నడపలేడు. సాధారణ అనువాదం ఇప్పుడు ఫోను కూడా చేస్తున్నది. అందుచేత అరకొర భాషకు విలువ తగ్గింది. లోతైన భాషకు, దానితో పాటు మరొక పని తెలిసినవానికి విలువ నిలిచి ఉన్నది.

అవకాశాలు దూరాన మాత్రమే లేవు. పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాను సంస్థలు ఇసుజు 2016లో, దైకిన్ 2023లో కర్మాగారాలు తెరిచాయి. ఇలాంటి చోట యంత్రమూ లెక్కా తెలిసి, భాషా తెలిసినవారు రెండు చేతులూ ఉన్నవారి వంటివారు.

విదేశానికే పంపాలనుకుంటే ముందు ఉపకార వేతనాలు చూడండి. జపాను ప్రభుత్వం డిగ్రీకి ఇచ్చే వేతనంలో సాధారణంగా మొదటి ఏడాది భాష నేర్పుతారు. కొరియా ప్రభుత్వ వేతనం కూడా భాషా శిక్షణతోనే మొదలౌతుంది. ఈ దరఖాస్తులకు ఏజెంటు అవసరం లేదు. ప్రకటనలు ఆ దేశాల రాయబార కార్యాలయాలే ఇస్తాయి.

పొలం కాగితాలు తీయక ముందు

చదువు వేరు, పనికి పోవడం వేరు. ఈ రెండింటినీ కలిపి చెప్పేవారి దగ్గర జాగ్రత్త. నైపుణ్య కార్మికుల విషయమై భారత, జపాను ప్రభుత్వాలు 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. వృద్ధుల సేవ వంటి పనులకు ఆ దారి ఉన్నది. దానికి నైపుణ్య పరీక్షతో పాటు ఎన్4 స్థాయి భాష లేక దానికి సమానమైన పరీక్ష కావాలి. దాని మొదటి తరగతి వీసాపై భార్యాబిడ్డలను వెంట తీసుకుపోవడానికి వీలులేదు. మంచి దారే కావచ్చు గాని అది డిగ్రీ చదువు కాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 వలసల చట్టం క్రింద నమోదై ఉండాలి. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో అతని పేరు లేకపోతే ఒక్క రూపాయి ఇవ్వవద్దు. రసీదు ఇవ్వనివానికీ ఇవ్వవద్దు.

ఇంట్లో కూర్చొని ఈ ప్రశ్నలు వేసుకోండి. బిడ్డ ఆ దేశపు పాటలు, నాటకాలు కాక, ఆ భాష పుస్తకాన్ని మూడు నెలలు చదివి చూశాడా? కోర్సులో భాష ఎన్ని గంటలు, చరిత్ర, ఆర్థికం ఎన్ని గంటలు? అది ఇచ్చేది విశ్వవిద్యాలయ డిగ్రీయా, ఒక సంస్థ కాగితమా? ముగిసేనాటికి ఏ స్థాయి పరీక్షకు సిద్ధం చేస్తారు? భాషతో పాటు చేతికి వచ్చే రెండో పని ఏమిటి? హాస్టలు ఖర్చు అప్పు లేకుండా ఎంతవరకు భరించగలము? వీటికి జవాబులు కాగితం మీద వ్రాయండి. నోటి మాట మీద ఏడాది గడిచిపోతుంది.

ఆడబిడ్డల తండ్రులకు ఒక మాట. కుమారుడిని హైదరాబాదు పంపి, అంతకంటె మార్కులు వచ్చిన కుమార్తెను ఊళ్ళోనే ఆపే ఇళ్ళు మన సంఘాలలో ఇంకా ఉన్నాయి. భాషా చదువు ఓర్పు గలవారి సొత్తు. ఆ ఓర్పు మీ కుమార్తెలో ఉంటే దారికి అడ్డు నిలువకండి. హాస్టలు చూసి రండి, తోడు వెళ్ళి చేర్చి రండి.

పరాయి భాష నేర్చితే బిడ్డ మన చేయి దాటిపోతాడని భయపడేవారు దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మరల చదవండి. యూదా నుంచి పోయిన ఆ నలుగురు యౌవనస్థులు కల్దీయుల విద్యలో మూడేళ్ళు శిక్షణ పొందారు. విద్యలో అందరికంటె ముందున్నారు, తమ ఇంటి నడతనూ విడువలేదు. భాష ఒక తలాంతు. దానిని పాతిపెట్టడమూ తప్పే, ఎవరో చెప్పిన ధరకు తాకట్టు పెట్టడమూ తప్పే. ఈ వేసవిలో ఒక పుస్తకం కొనివ్వండి, మూడు నెలలు గమనించండి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టించండి.