బంపరు మీది గీత: అపోహలు – వాస్తవాలు

మా సందు మలుపునందలి సిమెంటు దిమ్మె నా కారు వెనుక బంపరుపై జానెడు గీత గీచిన నాటనుండి, మా వీధిలో నింతమంది వైద్యులు గలరను సంగతి నాకు తెలియవచ్చినది. ఒకరు టూత్‌పేస్టు తెమ్మనిరి. ఒకరు తుప్పు పట్టునని బెదరించిరి. వేఱొకరు బంపరే మార్పింపుమని తీర్పు చెప్పిరి. ఈ యుపదేశములలో పెక్కింటికి మూలము, బంపరును ఇనుపరేకుగా భావించుటయే. అంబాసిడరు కారు నాటి బంపరు క్రోమియపు పూత గల ఉక్కు. నేటి కార్ల బంపర్లును, స్కూటర్ల ప్యానెళ్లలో పెక్కులును పాలీప్రొపిలీనో ఏబీయస్సో అగు ప్లాస్టిక్కు. జాతి మారిన పిదప చికిత్స మారవలదా?

టూత్‌పేస్టు మహిమను గూర్చిన నమ్మకము మిక్కిలి ప్రాచుర్యము గలది. అందు సత్యాంశము లేకపోలేదు. రంగుపై నుండు పారదర్శకమైన పూత, అనగా క్లియరు కోటు, సాధారణముగా 40 నుండి 50 మైక్రాన్ల మందము కలది. తల వెండ్రుక కంటెను పలుచన. ఆ పూతలోనే యాగిన గీతలను పేస్టునందలి మెత్తని పొడి చుట్టుపట్ల నరగదీసి మరుగుపఱచును. అంతే గాని, గుంటను పూడ్చునది కాదు. గోటి కొనను గీతకడ్డముగా జార్చి చూడుడు. గోరు తగులుకొని యాగినచో పేస్టును పండ్లకొఱకే యుంచుకొనుట మేలు.

ఇక తుప్పు మాట. ప్లాస్టిక్కునకు తుప్పు లేదు. అట్లని ఉపేక్షింపరాదు, అంచు లేచిన పూత క్రిందికి వాటరు సర్వీసింగు గొట్టపు ధార చొచ్చి, దానిని పెచ్చులుగా లేవదీయును.

అన్నింటికంటె నష్టము తెచ్చునది, "లప్పము పెట్టి రంగు కొట్టిన చాలును" అను అపోహ. నేనును దానికి లోబడినవాడనే. "ఇరవయ్యేళ్లుగా ఇదే లప్పం పెడుతున్నానండీ మాస్టారూ, ఊడితే నన్నడగండి" అని యొక షెడ్డు మేస్త్రి అభయమిచ్చెను. మూడు నెలలకు, పెనముపై కాలిన దోసె అంచు లేచినట్లు, ఆ లప్పము రంగుతో సహా లేచినది. అడిగితిని. అతడు దిమ్మెను నిందించెను.

కారణము స్పష్టమే. పాలీప్రొపిలీను మైనము వంటి స్వభావము గలది. దేనినైనను తనపై పట్టుకొననీయదు. కావుననే రంగు కంటె ముందు, పూతను అంటుకొనజేయు ప్లాస్టిక్ ప్రైమరు ఆవశ్యకము. ఇదిగాక, బొటనవ్రేలితో నొక్కినంతనే వంగి మరల లేచు బంపరుపై, రేకుకు పెట్టు గట్టి లప్పమునుంచిన, అది వంగలేక పగులును. ప్లాస్టిక్కునకై చేసిన, వంగు గుణముగల లప్పము వేఱుగ దొరకును. బంపరు లోపలివైపున 'పీపీ' యనియో 'ఏబీయస్' అనియో అచ్చువేసి యుండును. మేస్త్రి దానిని చూచెనా యని చూడవలెను.

పని యిట్లు సాగవలెను. మొదట సబ్బునీటితో కడిగి, మైనపు జిడ్డు తుడిచి, 320 నంబరు ఉప్పుకాగితముతో గీత అంచులను మెట్టు తెలియకుండ జాఱుగా అరగదీయవలెను. ముతక కాగితముతో పొడిగా రుద్దిన పాలీప్రొపిలీను నూగు లేచును. పిదప ప్రైమరు, లప్పము, మరల ప్రైమరు, 600, 800 నంబర్ల కాగితముతో తడి రాపిడి, తుదకు రంగు, క్లియరు కోటు. ఏబీయస్సును ఘాటైన థిన్నరుతో తుడిచినవారు, మెత్తబడిన ప్లాస్టిక్కుపై కొలదికాలమునకే సన్నని పగుళ్లు చూతురు.

రంగు నంబరు ఒక్కటియైనచో ఛాయయు నొక్కటియే యగునని నమ్మువారు, క్రొత్త కారునే మిట్టమధ్యాహ్నపుటెండలో పరికింపవలెను. ఉక్కు దేహమునకు 140 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడిలో ఆరు రంగు సరిపడును. ప్లాస్టిక్ బంపరు అంత వేడికి తాళదు గనుక దానిని తఱచుగా వేఱుగ, తక్కువ వేడిలో ఆరవైతురు. వెండిరంగు వంటి మెటాలిక్ రంగులలో నుండు అల్యూమినియపు రేణువులు పడుకొను తీరునుబట్టియు ఛాయ మాఱును. నేర్పరియగు పెయింటరు గీతవద్దనే యాగక, క్రొత్త రంగును ప్రక్కకు క్రమముగా పలుచన చేయుచు కలిపివేయును.

"మార్పించుము, బీమావారిత్తురు" అను మిత్రునకొక మాట. జీరో డిప్రిసియేషను లేని పాలసీలో ప్లాస్టిక్ భాగముల విలువలో 50 శాతము మనమే భరింపవలెను. పైగా, క్లెయిము లేని సంవత్సరములకు 20 శాతముతో మొదలై 50 శాతము వఱకు పెరుగు రాయితీ చేజారును. క్లిప్పులు విఱిగినను, ప్లాస్టిక్కు చీలినను, బంపరు వెనుక రాడారున్నను మార్పు ఆలోచింపదగినదే. ఒక్క గీతకు కాదు.

ముక్కునకు రుమాలు కట్టుకొన్న చాలునన్నది షెడ్డులలోని అపోహ. హార్డెనరు కలిపిన క్లియరు కోటులోని ఐసోసయనేటులు ఉబ్బసమును కలిగించును. వానిని రుమాలు ఆపజాలదు. మీ బంపరుపై గన్ను పట్టిన కుఱ్ఱవాడు అట్లు కనబడినచో, పని యొక గంట ఆలస్యమైనను సరే, ముందుగా తగిన మాస్కు తెప్పింపుడు.