పొగ పోయింది, లైటు వచ్చింది

పొగ రంగు చూసి డీజిల్ ఇంజన్ జబ్బు చెప్పడం పాత మెకానిక్కులకు వెన్నతో పెట్టిన విద్య. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా డీజిల్ ఎక్కువ పడుతోందని అర్థం. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ అయితే డీజిల్ సరిగా మండకుండానే బయటికి వస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, అమెరికా హైవే పక్క షెడ్డులోనైనా ఇదే లెక్క. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక కొత్త లారీల విషయంలో ఈ లెక్క పనికిరాకుండా పోయింది. ఇంజెక్టర్ కారుతున్నా, టర్బో గొట్టం చిట్లినా పుట్టిన మసినంతా దారిలో ఒక పెట్టె పట్టేస్తుంది. బయట ఏమీ కనిపించదు. పెట్టె నిండాక డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి పికప్ పడిపోతుంది. నింద మాత్రం పెట్టె మీదికే పోతుంది.

ఆ పెట్టె పేరు డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, పొట్టిగా డీపీఎఫ్. దాని మూలం న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే గాజు కంపెనీలో ఉంది. 1970ల మొదట్లో అక్కడ రాడ్ బ్యాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రొనాల్డ్ లూయిస్ కలిసి పెట్రోలు కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం సన్నటి గళ్లున్న సిరామిక్ దిమ్మెను తయారుచేశారు. అందులో ఒక చివర దూరిన వాయువు రెండో చివర నుంచి సూటిగా బయటపడుతుంది. ఆ దశాబ్దం చివరికల్లా ఆ దిమ్మెకే ఒక చిన్న మార్పు చేశారు. పక్కపక్కనున్న గళ్లలో ఒకదాన్ని ముందు వైపు, మరోదాన్ని వెనక వైపు మూసేశారు. లోపలికి వెళ్లిన పొగకు ఎదురుగా దారి ఉండదు. సూక్ష్మరంధ్రాలున్న గోడలోంచి దూరి పక్క గడిలోకి వెళ్లాల్సిందే. వాయువు దాటిపోతుంది, మసి గోడ దగ్గరే ఆగిపోతుంది. బరువు లెక్కన చూస్తే తొంభై శాతానికి పైగా మసి ఇక్కడే చిక్కుతుంది.

పట్టడం తేలికే. పట్టినదాన్ని వదిలించుకోవడమే కష్టం.

ఆక్సిజన్‌తో మసి మండాలంటే 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మామూలుగా నడిచే లారీ పొగ వేడి 200 నుంచి 400 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఈ తేడాను పూడ్చడానికి చేసిన ప్రయత్నాలే డీపీఎఫ్ చరిత్ర. 1985లో కాలిఫోర్నియాలో అమ్మిన కొన్ని మెర్సిడెస్ డీజిల్ కార్లలో ఈ ఫిల్టర్‌ను వేడి ఎక్కువ దొరుకుతుందని టర్బోకు ముందు పెట్టారు. సిరామిక్ ముక్కలు రాలి టర్బోలోకి పోయాయి. చివరికి కంపెనీ తన ఖర్చుతోనే వాటిని తీసేసింది.

తర్వాత దారి దొరికింది రసాయనశాస్త్రంలో. బ్రిటన్‌కు చెందిన జాన్సన్ మాథీ కంపెనీ ఫిల్టర్ ముందు ప్లాటినం పూసిన మరో దిమ్మె పెట్టింది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ అక్కడ నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. దాని సాయంతో 250 డిగ్రీల నుంచే మసి కాలడం మొదలవుతుంది. 2000లో ఫ్రాన్స్‌లో వచ్చిన ప్యూజో 607 కారు మరో ఉపాయం పన్నింది. డీజిల్‌లో సీరియం కలిపి మసి మండే వేడిని తగ్గించింది, ఇంజెక్టర్‌తో కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ కొట్టించి పొగ వేడిని పెంచింది. డీపీఎఫ్‌తో పెద్ద ఎత్తున తయారైన మొదటి కారు అదే. 2007 మోడళ్ల నుంచి అమెరికా భారీ ట్రక్కుల మసి పరిమితిని అంతకుముందున్న దానిలో పదో వంతుకు దించింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. గంధకం ఈ ప్లాటినం పూతలను పాడుచేస్తుంది కాబట్టి ఫిల్టర్‌తో పాటు డీజిల్ కూడా మారాలి. బీఎస్-4 డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 50 వరకు ఉండనిచ్చిన గంధకాన్ని బీఎస్-6లో 10కి తగ్గించింది అందుకే.

మసిని ఇలా కాల్చేయడాన్ని రీజెనరేషన్ అంటారు, షెడ్డు భాషలో రీజెన్. లోడుతో గంటల తరబడి హైవే మీద పోయే లారీలో చాలా భాగం దానంతటదే జరిగిపోతుంది. ఊళ్లో ఆగుతూ సాగే చెత్త లారీకి ఆ వేడి అందదు. అప్పుడు ఇంజన్ కంప్యూటరే డీజిల్ కొట్టించి రీజెన్ మొదలుపెడుతుంది. డ్రైవర్ మధ్యలో ఇంజన్ ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే బండిని ఒకచోట నిలిపి స్కానర్‌తో రీజెన్ చేయించాల్సి వస్తుంది. ఆ సమయంలో గొట్టం నిప్పులా కాలుతుంది. ఎండుగడ్డి మీద, డీజిల్ డ్రమ్ముల దగ్గర ఆ పని చేయకూడదు.

లైటు వెలగగానే రీజెన్ కొట్టి పంపేయడం మెకానిక్ చేసే పెద్ద తప్పు. ముందు చూడాల్సింది ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా సెన్సార్‌ను. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచితే అది సున్నా చూపాలి. చూపకపోతే మసి సంగతి తర్వాత, ముందు సెన్సార్‌నూ దాని రెండు సన్నటి పైపులనూ పరీక్షించాలి. రాత్రంతా ఆగిన బండిలో పొగగొట్టం మీది వేడి సెన్సార్లన్నీ పొద్దున్నే దాదాపు ఒకే అంకె చూపాలి. రీజెన్ నడుస్తుండగా ముందున్న ప్లాటినం దిమ్మె దాటగానే వేడి 550 డిగ్రీల దాకా ఎక్కాలి. అక్కడ ఎక్కకపోతే డీజిల్ చాలినంత అందడం లేదు, లేదా ఆ దిమ్మె ముఖం మసితో పూడుకుపోయింది. అక్కడ పెరగకుండా ఫిల్టర్ దాటాక పెరిగితే దిమ్మె చేయాల్సిన పనిని ఫిల్టర్ చేస్తోందన్నమాట.

అసలు ఇంత మసి ఎందుకు పుడుతోంది? సమాధానం చాలాసార్లు ఫిల్టర్‌కు ఎంతో ముందు దొరుకుతుంది. టర్బోకూ ఇంజన్‌కూ మధ్య గొట్టం క్లిప్పు వదులైనా, ఇంటర్‌కూలర్ చిట్లినా గాలి తగ్గి మసి పెరుగుతుంది. గాలి ఒత్తిడి పెట్టి సబ్బునీళ్లు చల్లితే బుడగలే చోటు చూపిస్తాయి. ఇంజెక్టర్ కారడం, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కోవడం మరికొన్ని కారణాలు. సైలెన్సర్ చివర గుడ్డతో తుడిచినప్పుడు నల్లగా అంటితే ఫిల్టర్ లోపల పగిలినట్టు అనుమానించాలి. బాగున్న ఫిల్టర్ వెనక గొట్టం శుభ్రంగా ఉంటుంది.

రీజెన్ ఎంత చేసినా పోనిది ఒకటుంది. పొయ్యిలో కట్టె కాలినా బూడిద మిగిలినట్టే, ఇంజన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటి లోహాలు బూడిదగా ఫిల్టర్‌లో పేరుకుంటాయి. దీనికి విప్పి గాలి పీడనంతో శుభ్రం చేయడమే మార్గం. తక్కువ బూడిదనిచ్చే ఆయిల్‌నే వాడమని కంపెనీలు చెప్పేది ఇందుకే.

ఫిల్టర్ వెనక ఎస్‌సీఆర్ అనే మరో అర ఉంటుంది. అక్కడ పొగలోకి డెఫ్ అనే ద్రావణాన్ని చిమ్ముతారు. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. వేడికి అమ్మోనియా పుట్టి నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఇక్కడ లోపం ఉందని స్కానర్‌లో కోడ్ వస్తే సెన్సార్ మార్చే ముందు రిఫ్రాక్టోమీటర్‌తో ఆ 32.5 ఉందో లేదో చూడాలి. చిమ్మే ముక్కు దగ్గర తెల్లగా గడ్డకట్టిందేమో చూడాలి. పొలానికి వేసే యూరియా కలిపి డెఫ్ చేసుకోవడం శుద్ధ దండగ. మన దేశంలో దానికి వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి. డెఫ్ ఎంత అవసరమో 2021లో దక్షిణ కొరియా చూసింది. చైనా యూరియా ఎగుమతులను కట్టడి చేసేసరికి అక్కడి లారీలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి 27,000 లీటర్ల ద్రావణాన్ని సైనిక విమానంలో తెప్పించుకున్నారు.

ఈ తలనొప్పి భరించలేక ఫిల్టర్ పీకేసి కంప్యూటర్‌ను మాయచేసేవాళ్లూ ఉన్నారు. అమెరికా పర్యావరణ సంస్థ 2020 నివేదిక ప్రకారం సుమారు పదేళ్లలో అక్కడ 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కులకు ఈ పని జరిగింది. అప్పుడు మసి తగ్గదు, లైటు ఒక్కటే ఆరుతుంది. కారే ఇంజెక్టర్ కారుతూనే ఉంటుంది, డీజిల్ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. లక్షలు పోసి కొత్త ఫిల్టర్ కొనే ముందు లారీ యజమాని మెకానిక్‌ను మూడు విషయాలు అడగాలి: ఇంజన్ ఆపాక ఒత్తిడి సెన్సార్ ఎంత చూపింది, రీజెన్‌లో వేడి ఎంతకు ఎక్కింది, టర్బో గొట్టాల్లో గాలి లీకు చూశారా. ఈ మూడింటికీ జవాబు రాకపోతే పాత ఫిల్టర్‌ను విప్పనివ్వకండి.