మీకు తెలుసా? లండన్ కోటలో కాకులది కూడా కొలువే!

టవర్ ఆఫ్ లండన్‌లో బొంతకాకులకు రోజూ రేషన్ ఇస్తారు! కనీసం ఆరు కాకులైనా లేకపోతే కోటా కూలుతుంది, రాజ్యమూ కూలుతుందని అక్కడ పాత నమ్మకం. అందుకని వాటి ఆలనాపాలనా చూడ్డానికి ప్రత్యేకంగా ఓ అధికారి ఉంటాడు. ఒక్కో కాకికి రోజుకు 170 గ్రాముల పచ్చి మాంసం, నెత్తుట్లో నానబెట్టిన బిస్కెట్లు! జార్జ్ అనే కాకి అదేపనిగా టీవీ ఏరియల్స్ మీద పడి పాడుచేస్తోందని 1986లో దాన్ని కొలువులోంచి తీసేసి వేల్స్‌కు పంపేశారు.

అదే కోట. 1252వ సంవత్సరం. థేమ్స్ నదిలో దిగి చేపలు పట్టుకు తిన్నదెవరో చెప్పుకోండి చూద్దాం! ధ్రువపు ఎలుగుబంటి! నార్వే రాజు కానుకగా పంపిన దాన్ని మూడో హెన్రీ కోటలోనే ఉంచాడు. పొడవాటి మోకు కట్టి నదిలోకి వదిలితే తన భోజనం తనే వెతుక్కునేది. మూడేళ్లు తిరిగేసరికి ఫ్రాన్స్ రాజు ఏనుగును కూడా పంపాడు.

కోహినూర్ లండన్ చేరినప్పుడు 186 కేరట్లు. ఇప్పుడు 105.6 కేరట్లే! మిగతాదంతా ఏమైంది? 1851 మహా ప్రదర్శనలో జనం విరగబడి చూశారు గానీ, మెరుపు చాలలేదని పెదవి విరిచారు. దాంతో మరుసటి ఏడాది ఆవిరి యంత్రం పెట్టి 38 రోజులు సానబట్టించారు. మెరుపు పెరిగింది, బరువు నూటికి నలభై పాళ్లకు పైగా పోయింది! ఈ వజ్రం పుట్టిల్లు కృష్ణ ఒడ్డునున్న మన కొల్లూరు గనులేనని ఎక్కువమంది నమ్మకం. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. లండన్‌లో ఈ వజ్రమున్నదీ ఆ కోటలోనే, ఓ కిరీటంలో. అక్కడ కిరీటాలకు ఇరువైపులా కదిలే పట్టీలు అమర్చారు. వాటి మీద నిలబడితే చాలు, అవే మిమ్మల్ని ముందుకు తీసుకుపోతాయి. ఆగి చూద్దామంటే కుదరదు!

బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి. మన కంటికి కనిపించేవి 80 వేలే! అంటే నూటికి ఒక్కటి. 1759 జనవరిలో తలుపులు తెరిచిన ఈ మ్యూజియం చూడ్డానికి ఈనాటికీ టికెట్ లేదు.

ఇక్కడ తలెత్తి చూడ్డం మరిచిపోకండి. నడిమి ఆవరణ పైకప్పులో 3,312 అద్దపు పలకలున్నాయి. ఏ రెండూ ఒక్కలాంటివి కావు!

ఇదే మ్యూజియంలో 33ఏ గదికి వెళ్తే ఎదురయ్యేది ఎవరనుకున్నారు? మన అమరావతి! కృష్ణ ఒడ్డు మహాస్తూపపు శిల్పాలు 120కి పైగా ఇక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. అందరూ పాలరాయి అంటారు గానీ, అది పల్నాటి సున్నపురాయి. వీటిలో ఒక పలక దగ్గర మాత్రం కాసేపు ఆగాల్సిందే. దానికి రెండు వైపులా చెక్కడమే! ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం నాటి పనితనం అది. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపున స్తూపాన్నే బొమ్మగా చెక్కారు. వాకిట సింహాలు, ఐదు ఆయక స్తంభాలు, గుమ్మటంలాంటి అండం, ఎగిరే దేవతలు, ద్వారంలో నిలబడ్డ బుద్ధుడు... అన్నీ ఉన్నాయి! అమరావతిలో ఇప్పుడు దిబ్బగా మిగిలిన స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో మనకు చూపించేవి ఇలాంటి పలకలే. లండన్ వెళ్లే తెలుగువాళ్లు మరేది వదిలేసినా ఈ గదిని మాత్రం వదలొద్దు, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లండి!

ఇదే మ్యూజియంలోని మూడు లిపుల రోసెట్టా రాయి రెండేళ్లు భూగర్భంలో దాక్కుంది! మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో 1917లో దాన్ని తపాలా రైలు స్టేషన్‌లోకి దించారు. నేలకు 50 అడుగుల లోతున!

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అరమీటరు పొడవున్న ఒక ఆకు ఉంది. అది డేవిడ్ విగ్రహం మానం కాపాడేందుకు చేయించిన ప్లాస్టర్ ఆకు! అచ్చుపోసిన ఈ ఐదు మీటర్ల దిగంబర విగ్రహాన్ని చూసి విక్టోరియా రాణి ఉలిక్కిపడిందంటారు. ఆపైన రాజకుటుంబంలోని ఆడవాళ్లు వచ్చినప్పుడల్లా రెండు కొక్కేలతో ఆ ఆకును తగిలించేవాళ్లు. ఆ హాల్లోనే రోములోని ట్రాజన్ స్తంభం నమూనా రెండు ముక్కలుగా నిలబడి ఉంటుంది. ఎందుకంటారా? ఒక్కటిగా నిలబెడితే కప్పు ఎత్తు చాలదు మరి!

నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 25.2 మీటర్ల తిమింగలం గాల్లో ఈదుతుంటుంది! 1891లో ఐర్లండ్ తీరానికి కొట్టుకొచ్చిన నీలి తిమింగలం అస్థిపంజరమది. 221 ఎముకలు, నాలుగున్నర టన్నులు. పేరు ‘హోప్’.

వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో ఒకాయన్ని నిలబెట్టి పూడ్చారు. నాటకకర్త బెన్ జాన్సన్ 1637లో చనిపోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదని, అందుకే అడుగున్నర చదరం చోటుతో సరిపెట్టారని చెబుతారు.

అదే అబ్బేలో ఉన్న రాజుల పట్టాభిషేకపు కుర్చీ మీద కూడా పేర్లు చెక్కేశారండీ! పక్క బడి పిల్లలూ, చూడవచ్చిన వాళ్లూ చేసిన నిర్వాకమిది. అందులో ఒకడు 1800 జూలై 5 రాత్రి ఆ కుర్చీలోనే నిద్రపోయానని కూడా చెక్కి పెట్టాడు!

బిగ్ బెన్ గడియారం టైము ఎలా సరిచేస్తారో ఊహించండి. పాతకాలపు పెన్నీ నాణేలతో! లోలకం మీద ఒక్క పెన్నీ పెడితే గడియారం రోజుకు 0.4 సెకను వేగంగా నడుస్తుంది. 1949లో పిట్టల గుంపు నిమిషాల ముల్లు మీద వాలి కూర్చుంటే మొత్తం గడియారమే నాలుగున్నర నిమిషాలు వెనకబడింది!

సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కింద, గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే 30 మీటర్లకు పైగా దూరంలో, అవతలి గోడ దగ్గరున్న వాళ్లకు వినిపిస్తుంది. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీదికి వినపడుతుందే, అలాగన్నమాట! ఇక్కడ మాటను మోసుకెళ్లేది గుండ్రటి గోడ.

థేమ్స్ ఒడ్డున ‘క్లియోపాత్రా సూది’ అనే రాతి స్తంభం ఉంది. క్లియోపాత్రా పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈజిప్టులో చెక్కారు దాన్ని! అసలు వింత దాని పీఠంలో ఉంది. 1878లో నిలబెట్టేటప్పుడు భావితరాల కోసం లోపల ఏవేం దాచారో తెలుసా? జడపిన్నుల డబ్బా, చుట్టల పెట్టె, పాలసీసా, పిల్లల బొమ్మలు, క్షవరం కత్తి, ఆనాటి 12 మంది ఇంగ్లండ్ అందగత్తెల ఫొటోలు... వాటితోపాటు మన రూపాయి ఒకటి!

1666లో లండన్‌ను నాలుగు రోజులు తగలబెట్టిన మంటకు గుర్తుగా కట్టిన స్తంభం ఎత్తు 202 అడుగులు. మంట మొదలైన రొట్టెల దుకాణం ఆ స్తంభానికి ఎంత దూరం? 202 అడుగులే! 311 మెట్లూ ఎక్కి దిగినవాళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు.

చివరగా, టవర్ బ్రిడ్జి మీద ఒక బస్సు ఎగిరి దూకింది! 1952 డిసెంబరులో 78వ నంబరు బస్సు వంతెన మీద ఉండగానే ఓడలకు దారిచ్చేందుకు రెండు రెక్కలుగా విడిపోయే రోడ్డు కాళ్ల కింద పైకి లేవడం మొదలైంది. డ్రైవర్ ఆల్బర్ట్ గంటర్ బ్రేకు వేయలేదు, యాక్సిలరేటర్ తొక్కాడు! బస్సు సందు మీంచి ఎగిరి ఆరడుగుల కిందనున్న అవతలి రెక్క మీద పడింది, అందరి ప్రాణాలూ దక్కాయి. ఆయనకు దక్కిన బహుమానం 10 పౌన్లు!