ముఖానికి నప్పే రంగు: రుతువుల లెక్కలో అపోహలు, వాస్తవాలు

లిప్‌స్టిక్ కొనడానికి వెళ్లిన అమ్మాయిలు ఒకప్పుడు ‘ఏ కంపెనీది ఎక్కువసేపు నిలుస్తుంది?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘నాది ఆటమా, వింటరా?’ అని అడుగుతున్నారు. దక్షిణ కొరియాలో ‘పర్సనల్ కలర్’ పేరుతో ఊపందుకున్న ఈ లెక్క రీల్స్ మీదుగా మన పార్లర్ల దాకా వచ్చేసింది. రావడం మంచిదే. ఒక్కో ముఖాన్నీ విడిగా, శ్రద్ధగా చూడమంటుంది ఈ పద్ధతి. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు దశాబ్దాల పాటు ఒకే ఒక్క రంగును అందమని చూపిస్తూ వచ్చిన చోట, ‘ఉన్న రంగులోనే నీకు నప్పేవి వెతుక్కో’ అనే మాట చాలా విలువైనది. సగం తెలిసిన సూత్రాలు ఆ మాటను పాడుచేస్తుంటే ఊరుకోబుద్ధి కాదు.

ముందు అసలు లెక్క ఏమిటో చూద్దాం. జర్మనీలోని బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన స్విస్ చిత్రకారుడు యోహానెస్ ఇట్టెన్, తన విద్యార్థులు ఇష్టపడి వాడే రంగులకూ వాళ్ల జుట్టు, చర్మం రంగులకూ ఏదో పొంతన ఉందని గమనించారు. 1961లో అచ్చయిన తన రంగుల పుస్తకంలో ఆ సంగతి రాశారు. 1980లో అమెరికాలో కెరోల్ జాక్సన్ రాసిన ‘కలర్ మీ బ్యూటిఫుల్’ ఈ ఆలోచనను ఇంటింటికీ చేర్చింది. అందులో నాలుగు రకాలున్నాయి. పసుపు పాలున్న వెచ్చని రంగులు నప్పేవాళ్లు స్ప్రింగ్ లేదా ఆటమ్, నీలం పాలున్న చల్లని రంగులు నప్పేవాళ్లు సమ్మర్ లేదా వింటర్. స్ప్రింగ్‌ది తేట, ఆటమ్‌ది మసక. సమ్మర్‌ది లేత, వింటర్‌ది ముదురు. తర్వాత వచ్చినవాళ్లు ఈ నాలుగింటినీ పన్నెండు చేశారు.

అపోహ: పుట్టిన నెలను బట్టి, లేదా నడుస్తున్న కాలాన్ని బట్టి షేడ్ ఎంచుకోవాలి

రెండూ కాదు. ఇక్కడ రుతువులన్నవి రంగుల గుంపులకు పెట్టిన పేర్లు మాత్రమే. అవి కూడా యూరప్ ప్రకృతిని చూసి పెట్టినవి. అక్కడి ఆటమ్‌లో అడవంతా తుప్పు రంగుకు, ఇటుక రంగుకు తిరుగుతుంది. అదే నెలల్లో మనకు రెల్లు తెల్లగా పూస్తుంది, వెన్నెల పిండారబోసినట్టు ఉంటుంది. అందుకని ఆ పేర్లను మన పంచాంగానికి ముడిపెట్టొద్దు. కాలం మారితే మార్చాల్సింది షేడ్ రకం కాదు, దాని తీరు. మే నెల విజయవాడ ఎండలో క్రీము ఫౌండేషన్ చెమటకు జారిపోతుంది, పల్చటి మ్యాట్ రకం నిలుస్తుంది. ఎండకు కమిలి ముఖం ఒక మెట్టు ముదిరిందనుకోండి, అదే అండర్‌టోన్‌లో (చర్మం అడుగున ఉన్న రంగు జాడలో) ఒక మెట్టు ముదురు సీసా తెచ్చి పాతదాంట్లో రెండు చుక్కలు కలుపుకుంటే సరిపోతుంది.

అపోహ: నల్లటి జుట్టు, నల్లటి కళ్లు కాబట్టి మనవాళ్లంతా వింటర్

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇదే. 1980 నాటి పుస్తకమే ఆసియా, ఆఫ్రికా మూలాలున్న మహిళల్లో అత్యధికులను వింటర్ గుంపులో వేసేసింది. కారణం తెలిసిందే. బంగారు, రాగి, గోధుమ రంగు జుట్టు, నీలి, ఆకుపచ్చ, బూడిద రంగు కళ్లు ఉన్నవాళ్ల మధ్య తేడాలు పట్టుకోవడానికి తయారైన జల్లెడ అది. జుట్టూ కళ్లూ అందరివీ ముదురుగానే ఉండే చోట ఆ జల్లెడలో ఏదీ నిలవదు. మన తేడాలన్నీ చర్మంలోనే ఉన్నాయి.

చర్మానికి రంగునిచ్చేది ఒక్క పదార్థం కాదు. మెలనిన్‌లో గోధుమ-నలుపు రకం ఒకటి, ఎరుపు-పసుపు రకం ఒకటి. వాటికి తోడు రక్తంలోని హిమోగ్లోబిన్ ఎరుపు, ఆహారం నుంచి వచ్చే కెరోటిన్ పసుపు. ఈ పాళ్లు ఒక్కొక్కరిలో ఒక్కోలా కలుస్తాయి. అందుకే ఒకే ఇంట్లో, ఒకే చామనఛాయ ఉన్న అక్కాచెల్లెళ్లలో ఒకరికి కనకాంబరం రంగు చీర ముఖంలో వెలుగు తెస్తే, రెండో ఆమెకు అదే చీర నీరసంగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆమె నేరేడు పండు రంగు కట్టుకుంటే కళ్లు మెరుస్తాయి. ఇద్దరి ముదురుదనం ఒకటే, అడుగున ఉన్న రంగు వేరు. ఈ రెండింటినీ కలిపేసి ‘తెలుపు అంటే కూల్, నలుపు అంటే వార్మ్’ అనేవాళ్లు చాలామంది. బాగా నల్లగా ఉండి చల్లని అండర్‌టోన్ ఉన్నవాళ్లున్నారు, పసిమిఛాయలో మెరిసే వెచ్చని అండర్‌టోన్ ఉన్నవాళ్లూ ఉన్నారు. రెండింటికీ మధ్యలో నిలిచే న్యూట్రల్ ఉంది. ఆకుపచ్చ జాడ ఉండే ఆలివ్ ఉంది, మన దగ్గర అది అరుదేమీ కాదు. ఆలివ్ వాళ్లకు గులాబీ ఫౌండేషన్ పూత పూసినట్టూ, ఆరెంజ్ పాలు ఎక్కువైంది పసుపు రాసుకున్నట్టూ కనిపిస్తుంది. ‘నాకు ఏ షేడూ సరిపోదు’ అని బాధపడేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. తప్పు వాళ్ల ముఖంలో లేదు, ఆ జాడను లెక్కలోకి తీసుకోని సీసాల్లో ఉంది.

అపోహ: మణికట్టు మీద నరాలు చూస్తే, బంగారం నప్పుతుందో వెండి నప్పుతుందో చూస్తే తేలిపోతుంది

నరాలు నీలంగా ఉంటే కూల్, ఆకుపచ్చగా ఉంటే వార్మ్ అంటారు. నరంలో పారే రక్తం ముదురు ఎరుపే. చర్మం కాంతిని చెదరగొట్టే తీరు, నరం ఎంత లోతున ఉంది, పక్కన ఉన్న చర్మం ఏ రంగులో ఉంది అన్నవన్నీ కలిసి అది నీలంగానో ఆకుపచ్చగానో అనిపిస్తుంది. చర్మంలో మెలనిన్ పెరిగే కొద్దీ నరం ఆకుపచ్చవైపు మొగ్గుతుంది, లేదా అసలు కనిపించదు. అంటే ముదురు ఛాయ వాళ్లందరినీ ఈ పరీక్ష గంపగుత్తగా వార్మ్ ఖాతాలో వేస్తుంది.

బంగారం పరీక్ష మన దగ్గర మరీ పనికిరాదు. పుట్టినప్పటి నుంచి 22 క్యారెట్ల పసుపు మెరుపునే ఒంటి మీద చూసుకున్న కంటికి అది నప్పకపోవడం ఎలా ఉంటుంది? అలవాటునే అందంగా చూస్తాం.

వీటికంటే నమ్మదగిన పరీక్షకు రెండు జాకెట్టు గుడ్డలు చాలు. ఒకటి మల్లెపూవులాంటి తెలుపు, రెండోది హాఫ్ వైట్. ముఖం కడుక్కుని, పసుపు రాసుకునే అలవాటుంటే రెండు రోజులు ఆపి, జుట్టు వెనక్కి కట్టి, పగటి పూట కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఎండ నేరుగా పడకూడదు. ముందు ఒకటి, తర్వాత ఒకటి గడ్డం కిందికి పట్టుకోండి. గుడ్డను చూడొద్దు, ముఖాన్ని చూడండి. కంటి కింది నలుపు పెరిగిందా తగ్గిందా, ముక్కు పక్క నుంచి నోటి దాకా వచ్చే గీత లోతుగా కనిపిస్తోందా, పెదాల చుట్టూ నల్లటి మచ్చ తేలిందా? స్వచ్ఛమైన తెలుపు పెట్టినప్పుడు ఇవి నెమ్మదిస్తే చల్లని వైపు, హాఫ్ వైట్ పెట్టినప్పుడు నెమ్మదిస్తే వెచ్చని వైపు. తేడా ఏమీ తెలియకపోతే న్యూట్రల్ అనుకోవచ్చు. తర్వాత ఇటుక రంగుతోనూ రాణీ పింక్‌తోనూ ఇదే చేసి సరిచూసుకోండి.

పక్క రంగు ముఖాన్ని మార్చడం ఊహ కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో రంగుల అద్దకం చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్‌కు, నల్ల దారం వెలవెలబోతోందన్న ఫిర్యాదు వచ్చింది. అద్దకంలో ఏ లోపమూ దొరకలేదు. పక్కనున్న నీలం దారమే నలుపును అలా చూపిస్తోందని ఆయన తేల్చారు. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే రాశారు. చీర అంచు బుగ్గల రంగును మార్చి చూపించేదీ ఇందుకే.

అపోహ: పెళ్లికూతురికి ఫౌండేషన్ రెండు మెట్లు తెల్లగా వేస్తేనే ఫొటోలో వెలుగు వస్తుంది

వెలుగు రాదు, బూడిద వస్తుంది. ఫౌండేషన్‌లో రంగునిచ్చేవి ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్ తెలుపు, ఐరన్ ఆక్సైడ్ల పసుపు, ఎరుపు, నలుపు. షేడ్ లేతయ్యే కొద్దీ తెలుపు పెరుగుతుంది. గోధుమ రంగు చర్మం మీద ఆ తెలుపు పొర పడితే అడుగున ఉన్న వెచ్చదనం మాసిపోయి బుగ్గలు విభూతి పులిమినట్టు తయారవుతాయి. దాని మీద సిలికా పౌడరు కూడా వేస్తే కెమెరా ఫ్లాషుకు ముఖం మీద తెల్లటి మచ్చలు పడతాయి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, తలంబ్రాలు పోసే చేతులు ఇంకో రంగు. మన పెళ్లి ఆల్బముల్లో ఇది ఎంత మామూలైపోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. జీవితాంతం దాచుకునే ఫొటోలో ఆ అమ్మాయి తన ముఖంతో తాను ఉండొద్దా?

షేడ్ చూడాల్సింది ముంజేతి మీద కాదు, దవడ అంచున. పక్కపక్కనే మూడు షేడ్లతో సన్నని గీతలు గీసి, పది పదిహేను నిమిషాలు ఆగి, షాపు బయటికొచ్చి పగటి వెలుగులో చూడాలి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మంలోని జిడ్డుతో కలిసి కాస్త ముదురుతాయి, ఆగమనేది అందుకే. ముఖంలోకీ మెడలోకీ కలిసిపోయి వెతికినా కనిపించని గీత ఏదో అదే మీది. సీసా మీది అక్షరాలను గుడ్డిగా నమ్మొద్దు. చాలా కంపెనీలకు డబ్ల్యూ అంటే వార్మ్, సి అంటే కూల్. మ్యాక్ వాళ్ల ఎన్‌సి షేడ్లు మాత్రం పసుపు పాలున్నవాళ్లకు, ఎన్‌డబ్ల్యూ షేడ్లు గులాబీ పాలున్నవాళ్లకు.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లు ముదురు, గాఢమైన లిప్‌స్టిక్ వేసుకోకూడదు

ఈ మాట ఎందరు ఆడపిల్లల చేతిలోంచి ఎరుపును లాక్కుందో! నిజం దీనికి పూర్తిగా ఎదురు. ముదురు ఛాయ గాఢమైన రంగును సునాయాసంగా మోస్తుంది. మెరూన్, నేరేడు, వంకాయ రంగు, రాణీ పింక్, ఇటుక ఎరుపు, చాకొలెట్ గోధుమ అన్నీ దాని మీద నిండుగా ఉంటాయి. ఇబ్బంది పెట్టేవి లేత షేడ్లే. తెలుపు ఎక్కువ కలిపిన లేత గులాబీ, పాలిపోయిన న్యూడ్ వేసుకుంటే పెదాల మీద సుద్ద రాసినట్టుంటుంది. న్యూడ్ కావాలంటే మీ పెదవి రంగుకు ఒక మెట్టు ముదురుగా, కాఫీ రంగుకో కారమెల్‌కో దగ్గరగా ఉన్నది చూసుకోండి.

ఎరుపు అందరికీ ఉంది, రకమే వేరు. వెచ్చని వైపు వాళ్లకు సింధూరం చాయ ఎరుపు, ఇటుక ఎరుపు. చల్లని వైపు వాళ్లకు దానిమ్మ గింజ ఎరుపు, వైన్ రంగు. మన పెదాలకు సొంత రంగు ఎక్కువ కాబట్టి ట్యూబులో కనిపించిన షేడ్ పెదవి మీద అలాగే రాదు. పై పెదవి ముదురుగా, కింది పెదవి గులాబీగా ఉన్నవాళ్లకు ఒకే లిప్‌స్టిక్ రెండు షేడ్లుగా కనిపిస్తుంది. ముందుగా కన్సీలర్ పల్చగా అద్దితే రెండూ ఒకటవుతాయి. బ్లష్‌కూ ఇదే లెక్క. లేత పీచ్ చామనఛాయ మీద కనిపించకుండా పోతుంది, ముదురు కోరల్ గానీ బెర్రీ గానీ సహజమైన ఎరుపుదనం తెస్తాయి.

అపోహ: ఫొటో పెడితే యాప్ చెప్పేస్తుంది

ఫోన్ కెమెరా తీసే ప్రతి ఫొటోలోనూ రంగుల్ని తనంతట తాను సర్దేస్తుంది. మీ వెనక గోడ పసుపైతే ముఖాన్ని నీలం వైపు జరుపుతుంది. బ్యూటీ మోడ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గదిలోని దీపాలూ అంతే. 2700 కెల్విన్ల బల్బు కింద అందరూ వెచ్చగానే కనిపిస్తారు, 6500 కెల్విన్ల ట్యూబులైటు కింద అందరూ చల్లగానే కనిపిస్తారు. మ్యాచింగ్ సెంటర్లో చీరకు అచ్చంగా సరిపోయిన జాకెట్టు గుడ్డ రోడ్డు మీదికి రాగానే వేరే రంగైపోవడం ఎరగనివాళ్లు లేరు కదా, ముఖం విషయంలోనూ జరిగేది అదే.

అపోహ: ఒకసారి తేలిన రుతువు జీవితాంతం అదే

ఇది వైద్య పరీక్ష కాదు, అందాన్ని చూసే ఒక పద్ధతి. ఇద్దరు నిపుణులు ఒకే ముఖానికి రెండు రుతువులు చెప్పడమూ ఉంది. అండర్‌టోన్ పెద్దగా మారకపోయినా, ముఖానికీ జుట్టుకీ మధ్య తేడా వయసుతో మారుతుంది. నల్లటి జడ పక్కన నిండుగా ఉన్న మెరూన్ లిప్‌స్టిక్, జుట్టు నెరిశాక ఒక్కటే ముందుకొచ్చి కనిపించవచ్చు. అప్పుడు అదే కుటుంబంలో ఒక మెట్టు మెత్తని షేడ్, ఉదాహరణకు గులాబీ కలిసిన మెరూన్, బాగుంటుంది. నల్లటి కాటుక గీత బదులు ముదురు గోధుమ రంగు గీత కళ్లను తేటగా చూపిస్తుంది. నెరిసిన జుట్టుకు గోరింటాకు పెట్టేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. పండిన జుట్టు నారింజ ఎరుపుకు తిరుగుతుంది, చల్లని అండర్‌టోన్ ఉన్న ముఖం దాని పక్కన పాలిపోయినట్టు కనిపిస్తుంది. గోరింటాకు పెట్టిన మర్నాడు నీలి ఆకు పొడి పెడితే ఆ ఎరుపు గోధుమ-నలుపులోకి దిగుతుంది, పాత లిప్‌స్టిక్కులన్నీ మళ్లీ పనికొస్తాయి.